అండాలు పేరు మీద తెచ్చిన మందు

బుచ్చయ్యను ఊళ్ళో అందరూ పిసినారి అనేవాళ్ళు. ఆ మాట అతనికి సరిగ్గా అతకదు. పిసినారి తన సొమ్ము తీయడు, అంతే. బుచ్చయ్య ఎదుటివాళ్ళ సొమ్ముతో పని జరుపుకునేవాడు. బీడీ తనదే కాల్చేవాడు గాని నిప్పు పక్కవాడిది. తిరుమలగిరి అంగడికి తన బండి కట్టేవాడు కాదు. ఎవరి బండి వెనకనో కాళ్ళు వేలాడేసుకుని పోయేవాడు, పోతూ పోతూ ఎడ్లను ఎట్లా తోలాలో ఆ బండివాడికే చెప్పేవాడు. పొదుపు మంచి గుణమని బళ్ళో పిల్లల చేత వల్లె వేయిస్తారు. ఎవరి జేబులోంచి పొదుపు అన్న సంగతి ఆ పాఠంలో ఉండదు కాబట్టి, బుచ్చయ్య తనను తాను గుణవంతుడనే అనుకున్నాడు.

అతనికి ఎర్రచెల్క కొంత ఉంది. వానపడితే జొన్న, పడకపోతే ఆముదాలు. ఇంటిని నిజంగా నడిపింది మాత్రం అతని భార్య అండాలు, ఆమె రెండు బర్రెలు. పొద్దున్నే పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగేది. అంగడి రోజు తిరుమలగిరి దాకా పోయేది. ఆమె పెరుగు కోస్తే ముక్క నిలబడుతుందని చెప్పుకునేవాళ్ళు. పెరుగు కొనే ఆడవాళ్ళు కుండలోకి చూడరు, అమ్మే మనిషి చేతులు చూస్తారు. అండాలు చేతులు చూసి ఎవరూ ఎన్నడూ ఇంకో మాట అడగలేదు.

ఇంటి ముందు ఒక కుక్క. రాష్ట్రాలు కలిసిన ఏడు అంగడి నుంచి బండి వెంట పడి వచ్చిన కూన అది. పెరిగి పెద్దదై, పనేమీ చేయకుండా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను ఎగాదిగా చూస్తూ, ప్రతి ఇంటి ముందూ తన వంతు వసూలు చేసుకునేది. అవుట్‌పోస్టులో ఉన్న పోలీసు జమేదారు పద్ధతి కూడా అదే కాబట్టి బుచ్చయ్య దానికి జమేదార్ అని పేరు పెట్టాడు. అసలు జమేదారు ఊళ్ళోకి వచ్చిన రోజు మాత్రం దాన్ని పేరు పెట్టి పిలవకుండా నాలుకతో చప్పుడు చేసేవాడు. కళ్ళంలో ఆముదాల రాశి ఉన్నన్నాళ్ళూ జమేదార్ పక్కన పడుకునేది. కావలి మనిషికి ఇవ్వాల్సిన కూలి దానివల్ల మిగిలింది. బుచ్చయ్య దాన్ని ప్రేమించాడంటే అందులో ఈ లెక్క కొంత ఉంది. అంతా లెక్కే అనడం కూడా అన్యాయం. తాను తినే రొట్టెలో సగం విరిచి దానికి పెట్టేవాడు. ఇంకెవరికీ పెట్టి ఎరగడు.

ఆ ఏడు వానకాలంలో జమేదార్‌కు గజ్జి పట్టింది. చెవుల అంచుల దగ్గర మొదలై, కళ్ళ చుట్టూ వెంట్రుకలు రాలి, మోచేతుల దగ్గర చర్మం దళసరిగా చెక్కు కట్టింది. పగలంతా గోడకు ఒళ్ళు రాసుకుంటూ ఉండేది.

"పెరుగు కుండల కాడ గీ కుక్కేంది? ఎవలన్న జూస్తె కొంటరా?" అంది అండాలు. "మందన్న తే. లేకుంటె ఏడనన్న ఇడిసిపెట్టిరా."

"ఇడిసిపెడితె మల్ల వస్తదే అది."

"నువ్వు గూడ దాని ఎంబడి వో. ఇద్దరు కలిసి రారి, రోగం కుదిరినంక."

అంగడి రోజున పశువుల డాక్టరు ఎడ్లను చూడడానికి సూర్యాపేట నుంచి తిరుమలగిరి వచ్చేవాడు. గుంటూరు వైపు మనిషి, కొత్తగా బదిలీ అయి వచ్చాడు. బుచ్చయ్య జమేదార్‌ను తాడు కట్టి తీసుకుపోయి ఎడ్ల వరుసలో నిలబెట్టాడు. డాక్టరు నవ్వి, చెవి మడిచి చూసి, మందు రాశాడు. తెల్లగా పాలలాగా ఉంటుంది, వేపాకు నీళ్ళతో కడిగి ఒళ్ళంతా రాయాలి, మళ్ళీ మళ్ళీ రాయాలి అని చెప్పాడు.

"మీరే ఇయ్యరాదుండ్రి సార్?"

"ఎడ్లకయితే గవర్నమెంటు ఇస్తుంది. కుక్కకి నువ్వే కొనుక్కోవాలయ్యా. సూర్యాపేటలో మందుల షాపులో దొరుకుతుంది."

ఎంతవుతుందో కూడా చెప్పాడు. బుచ్చయ్య తాడు వంక, తాడు చివర ఉన్న జమేదార్ వంక చూశాడు. "గంతకు కొత్త కుక్కనే వస్తది గద సార్?"

"కొత్త కుక్కలు ఊరికే వస్తాయి. నీకు కావలసింది ఇదేగా." డాక్టరు మరో ఎద్దు దగ్గరికి పోతూ, "అదేం ప్రత్యేకమైన మందు కాదులే. మనుషులకి గజ్జి వస్తే రాసేది కూడా అదే" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉంటే ఈ కథ లేదు.

అండాలు పెరుగు డబ్బుల్లోంచి మందుకు కావలసినంత తీసి ఇచ్చింది. మర్నాడు బుచ్చయ్య సూర్యాపేట బస్సెక్కలేదు. ఆముదం పోసుకునే పెద్ద సీసా కడుక్కుని, కండువాలో చుట్టుకుని, సర్కారు దవాఖాన ఉన్న ఊరికి నడిచాడు. దవాఖానలో మందు ఊరికే ఇస్తారు, సీసా మాత్రం మనం తెచ్చుకోవాలి. మగవాడికి జబ్బయితే చొక్కా విప్పమంటారు. ఇంట్లో ఆడవాళ్ళకు జబ్బయితే మొగుడు వచ్చి లక్షణాలు చెప్పి మందు పట్టుకుపోతాడు. అది అందరికీ అలవాటే, ఎవరూ తప్పు పట్టరు. బుచ్చయ్య దారి పొడుగునా ఆలోచించి, జబ్బు తనకు కాదని నిశ్చయించుకున్నాడు.

కాంపౌండరు రఘుపతి సీసా చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "గిదేంది పెద్దమనిషీ, పెండ్లికి నూనె కొనవొచ్చినవా?"

"ఒళ్ళంత రాయాలె సార్."

"ఎవలకు?"

"మా ఇంటామెకు."

"పేరు?"

బుచ్చయ్య కండువా భుజాన సర్దుకున్నాడు. పెళ్ళాం పేరు నోటితో పలకడం అక్కడి మగవాళ్ళకు అలవాటు లేదు. "ఇగో" అంటారు, "ఏమే" అంటారు, ఎవరైనా అడిగితే "మా ఇంటామె" అంటారు. రఘుపతి కలం పట్టుకుని చూస్తున్నాడు.

"అండాలు" అన్నాడు బుచ్చయ్య.

"ఆమెను తోలుకరాకపోయినవు?"

"బయటికి రాదు సార్. మస్తు సిగ్గు." ఆ మాట అంటున్న సమయానికి అండాలు ఎవరి గడప ముందో కుండ దించి, కొలత దగ్గర పోట్లాడుతూ ఉంటుంది.

అంత పెద్ద సీసా నింపాలంటే తన చేతిలో లేదని రఘుపతి డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు నెమ్మదైన మనిషి, హైదరాబాదువాడు. ఎక్కడ మొదలైందని అడిగాడు. బుచ్చయ్యకు కథలు అల్లడం రాదు. అబద్ధం ఒక్కటే ఆడాడు, మిగతాదంతా చూసింది చూసినట్టే చెప్పాడు. కళ్ళ ముందు జమేదార్‌ను నిలబెట్టుకుని, ముక్కు నుంచి తోక దాకా వరుసగా చెప్పుకుంటూ పోయాడు.

"చెవుల కాడ సార్. చెవులు దొడ్డుగైనయి, గడ్డలు గట్టినట్టు."

"ఇంకా?"

"కండ్ల మీద ఎంటికెలు రాలినయి."

"కనుబొమ్మలా?"

"గవ్వే అనుకోండ్రి. మోచేతుల కాడ తోలు మందమై, ఎండిన చెప్పు లెక్క అయింది."

డాక్టరు బుచ్చయ్య వైపు కొత్తగా చూశాడు. "అక్కడ గిల్లితే తెలుస్తాందా?"

బుచ్చయ్యకు ఈ ప్రశ్న నచ్చింది. జబ్బు ఎంత ముదిరితే మందు అంత ఎక్కువ పోస్తారు. "ఏం తెల్వదు సార్. మొన్న గోరుతోని గట్టిగ గీకి చూసిన. గట్లనే కూసున్నది. తోక…" అని నాలుక కరుచుకుని, "తల గూడ తిప్పలే" అన్నాడు.

డాక్టరు అతని పేరు, ఊరు అడిగి ఏదో రాసుకున్నాడు. సీసా నింపమన్నాడు. "ఎవలకు చెప్పకు, ఫికర్ జెయ్యకు. మా మనిషిని మీ ఇంటికి పంపిస్త. గిది నయమైతది" అని, బుచ్చయ్య భుజం తట్టాడు. రఘుపతి ఉన్నదంతా వంచి పోస్తూ, "నీ పుణ్యమాని ఈ నెల స్టాకంత ఒడిసింది" అన్నాడు. బుచ్చయ్య దాన్ని మెప్పుగానే తీసుకున్నాడు. మనిషిని ఇంటికే పంపే సర్కారు వచ్చిందని తోవలో కలిసిన వాళ్ళకు చెబుతూ ఇల్లు చేరాడు.

మందు సూర్యాపేటదే అన్నాడు అండాలుతో. మిగిలిన డబ్బుతో కిర్రుచెప్పులు కొనుక్కున్నాడు. చెప్పులెక్కడివని ఆమె అడిగితే, ఆముదాల షావుకారు బాకీ ఇచ్చాడన్నాడు.

మందు అద్భుతంగా పనిచేసింది. ఇంటి వెనక రాతి మీద జమేదార్‌ను నిలబెట్టి రాసేవాడు. ఆ వాసన ఘాటుగా, ముక్కుపుటాలు మండేట్టు ఉండేది. అండాలు దాన్ని దగ్గరికి రానివ్వకపోతే అది పోయి పక్కింటి సోమమ్మ గోడ నీడన పడుకునేది, సోమమ్మ చీపురు విసిరేది. కొన్నాళ్ళకు చెక్కులు రాలిపోయి, కింద లేత గులాబి చర్మం కనబడి, దాని మీద నూగు మొలిచింది. సీసాలో ఇంకా సగం ఉంది. పారేస్తాడా? మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుందని మూత బిగించి దూలం మీద దాచాడు.

అప్పుడు సైకిలు మీద ఆ మనిషి వచ్చాడు. ఖాకీ సంచి, నెత్తిన టోపీ. చుట్టుపక్కల ఊళ్ళలో అతని పేరు ఎవరికీ తెలియదు. పెద్దరోగం సారు అనేవాళ్ళు. కుష్ఠు అన్న మాట నోటితో పలికితే అంటుకుంటుందేమోనన్నట్టు అందరూ పెద్దరోగం అనేవాళ్ళు. అతను నేరుగా సోమమ్మ గడప ముందు సైకిలు దిగాడు.

"అవ్వా, బుచ్చయ్య భార్య అండాలు, వాళ్ళ ఇల్లేది?"

సోమమ్మ చేత్తో చూపించింది. నోరు తర్వాత తెరుచుకుంది.

అండాలు అప్పుడే పెరుగమ్మి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. అతన్ని ముందెన్నడూ చూడలేదు, జనాభా లెక్కలవాడేమో అనుకుని పీట వేసింది. అతను మర్యాదగా, చెల్లెలితో మాట్లాడినట్టు మాట్లాడి, కళ్ళు మూసుకోమన్నాడు. సంచిలోంచి కోడి ఈక తీసి ఆమె మోచేతి మీద, మెడ మీద, వీపు మీద తాకిస్తూ, ఎక్కడ తాకిందో వేలు పెట్టి చూపమన్నాడు. అండాలుకు చక్కిలిగింత పుట్టి నవ్వింది. "ఏం సారూ, పెద్దమనిషిని వట్టుకొని గీ ఆటలేంది?" అంది కళ్ళు మూసుకునే. అతను నవ్వలేదు. చెవి తమ్మెలు రెండు వేళ్ళతో పట్టి చూశాడు.

బుచ్చయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈక చెవి దగ్గరికి పోగానే అతనికి అంతా అర్థమైంది. దవాఖానలో తాను చెప్పిన మాటలు వరుసగా గుర్తుకొచ్చాయి. చెవులు దొడ్డుగైనయి. కనుబొమ్మలు రాలినయి. గిల్లితే తెల్వదు. ఒక్క మాట చాలు. సార్, అది కుక్కకు, అంటే చాలు. గోడ మీదుగా సోమమ్మ తల, ఆమె పక్కన ఇంకో రెండు తలలు కనిపిస్తున్నాయి. చెబితే సర్కారు మందు దొంగ అంటారు, జమేదారు వస్తాడు, ఊరు ఏడాదిపాటు నవ్వుతుంది. చెప్పకపోతే, ఈ మనిషి చూసి, ఏమీ లేదని చెప్పి, పోతాడు. బుచ్చయ్య ఎప్పటిలాగే ఖర్చు తక్కువైన దారి ఎంచుకున్నాడు.

"ఏం లేదమ్మా, మంచిగున్నవు" అన్నాడు అతను, ఈక సంచిలో పెట్టుకుంటూ. "మీ ఇంటాయన దవాఖానల చెప్పిండని రాసుంది మరి." బుచ్చయ్య వైపు తిరిగాడు. "నువ్వేనా?"

"నేను కాదు సార్. ఎవలనుకున్నరో ఏమో" అన్నాడు బుచ్చయ్య.

జమేదార్ వచ్చి ఆ మనిషి చేయి వాసన చూసి, నిగనిగలాడే కొత్త వెంట్రుకలతో తోక ఊపింది. అతను దాని తల నిమిరి సైకిలెక్కాడు.

ఏమీ లేదన్న మాట గోడ అవతలికి వినబడలేదు. సైకిలు వచ్చిందన్నది అందరికీ కనబడింది. మర్నాడు సోమమ్మ గుమ్మంలోనే చేయి అడ్డం పెట్టింది. "మా బిడ్డ పెరుగు దోలిందే. రేపు జూద్దాం తీ." రేపు కూడా కూతురే పంపింది. ఇంకో ఇంట్లో ఉపవాసం, ఇంకో ఇంట్లో జలుబు. చేదబావి దగ్గర ఆడవాళ్ళు ఆమె బిందె చూసి, "నువ్వు ఆగు చెల్లే, మేం తోడుకున్నంక నీ ఇష్టం" అన్నారు. ఎంతో మెత్తగా అన్నారు. మన ఊళ్ళలో మనిషిని వెలివేసేటప్పుడు గొంతు పెంచరు, జాలి పడతారు. తిట్టి ఉంటే అండాలు తిరిగి తిట్టేది, ఆ విద్య ఆమెకు బాగా వచ్చు. జాలికి ఏం జవాబు చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

తిరుమలగిరి అంగడిలో కూడా కుండ నిండుగానే ఉండిపోయింది. ఎప్పుడూ కొనే కోమటామె అండాలు చేతులకేసి చూసి, పైసలు కింద పెట్టి, పెరుగు తీసుకోకుండానే పోయింది. బిచ్చం వేసినట్టు. అండాలు ఆ పైసలు తీసుకోలేదు. ఇంటికొచ్చి కుండ మొత్తం జమేదార్ ముందు కుమ్మరించింది. అది తోక ఊపుతూ తాగింది.

అప్పుడామె గూట్లోంచి అద్దం ముక్క తీసింది. వెలుతురులోకి పోయి, చెవులు ఒకటి తర్వాత ఒకటి ముందుకు లాగి చూసుకుంది. కనుబొమ్మ మీద వేలితో రాసుకుంది.

"ఇగో," అంది, "నాకేమన్న అయిందా? నాకు కనవడకుంట నీకు కనవడుతుందా? ఆ సారు నా చెవులెందుకు వట్టుకున్నడు?"

బుచ్చయ్య బీడీ పడేశాడు. ఇక అక్కడ ఆగలేక చెప్పాడు. సీసా, దవాఖాన, డాక్టరు అడిగినవి, తాను చెప్పినవి. చెప్పుల సంగతి కూడా చెప్పాడు. అండాలు అరుస్తుందని ఎదురుచూశాడు, అరిస్తే బాగుండేది.

"చెవులు దొడ్డుగైనయి అని చెప్పినవా?"

"ఆ."

"నేనే అని చెప్పినవా? పేరడిగిన్రా?"

"అడిగిన్రు. చెప్పిన."

ఆమె అద్దం బోర్లా పెట్టింది. "పెండ్లయిన కానుంచి నా పేరు వెట్టి నన్ను పిలువలే నువ్వు. నీ నోట్లె నా పేరెట్ల ఉంటదో నాకు తెల్వది. ఒక్కసారి పలికినవు. గది గాడ పలికినవు."

మనిషి తన చెడ్డతనాన్ని పని తెలివి అనుకుంటూ ఎన్నేళ్ళయినా బతకగలడు. అదే పనిని ఎదుటి మనిషి ఇంత చిన్న మాటలో చెప్పినప్పుడు, పారిపోవడానికి జాగా దొరకదు. బుచ్చయ్య కిర్రుచెప్పులు విప్పి మూలన పడేసి, వట్టి కాళ్ళతో చావడికి పోయాడు.

అక్కడ ఉన్నవాళ్ళందరి ముందూ చెప్పాడు. మా ఇంటామెకు ఏ రోగమూ లేదు, మందు మా కుక్కకు, నేనే అబద్ధమాడిన, అన్నాడు. ఊరి పెద్ద లింగస్వామి దగ్గరికి వచ్చి చేయి పట్టుకున్నాడు.

"నువ్వు మంచోనివి బుచ్చయ్యా."

"మంచి గాదు పటేలా, దొంగతనం చేసిన."

"పెండ్లాం ఇజ్జత్ కోసం కుక్క మీద వెట్టుకుంటున్నవు. గింత ప్రేమ ఉన్నదనుకోలే నీకు."

"కుక్కకే గజ్జి! ఎవలన్న వచ్చి చూడుండ్రి!"

కుక్క వెంటే వచ్చింది. పెరుగు తాగిన పొట్ట, అద్దంలా మెరిసే ఒళ్ళు. అంత ఆరోగ్యమైన కుక్క ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు. చావడిలో ఒకడు ఫక్కున నవ్వి, మర్యాద గుర్తొచ్చి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సూర్యాపేట పోయి పశువుల డాక్టర్ని అడగండని బుచ్చయ్య మొత్తుకున్నాడు. పరాయి ఆడమనిషి రోగం గురించి అంత దూరం పోయి అడిగే ఓపిక ఎవరికుంటుంది? ఆ రోజు నుంచి ఊళ్ళో ఆడవాళ్ళు తమ మొగుళ్ళకు బుచ్చయ్యను చూపించి బుద్ధి చెప్పడం మొదలుపెట్టారు. పెండ్లానికి పెద్దరోగమైతె గూడ ఎట్ల చూస్కుంటున్నడో చూడు, అనేవాళ్ళు. పుట్టి బుద్ధెరిగాక బుచ్చయ్యకు దొరికిన మొదటి మెప్పు అది. అది ఈక మొనలా రోజంతా ఒంటి మీద పాకేది.

"నమ్ముతలేరే" అన్నాడు ఇంటికొచ్చి.

"చావడిల చెప్తె ఎవలు నమ్ముతరు? గాడ పెరుగు గొంటరా?" అండాలు పెరుగు కుండ మీద మూకుడు మూసి, దాని పక్కన చుట్టకుదురు పెట్టింది. "ఎత్తుకో."

"నేనా?"

"నా నెత్తి మీద అయితె కొంటలేరు గద. నీ నెత్తికేమన్న రోగమా? ఇంటింటికి వో. కుండ దించు, జరిగింది చెప్పు. కొన్నా కొనకున్నా చెప్పు."

మగవాడు పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని వీధిలో నడవడం ఆ ఊరు చూసి ఎరగదు. చుట్టకుదురు నిలవక పెరుగు చెంపల మీదికి కారింది. పనికిపోయేవాళ్ళు ఆగి చూశారు. ఎవడో, "బుచ్చక్కా, శేరెంత?" అని కేకేశాడు. బుచ్చయ్య ఆగలేదు. ప్రతి గడప ముందూ కుండ దించి, అమ్మా, నేను దవాఖానల అబద్ధమాడిన, మందు మా కుక్కకు, అని మొదలుపెట్టేవాడు. కొందరు వినకముందే తలుపేసుకున్నారు. కొందరు, పాపం, అన్నారు. ఆ పాపం అన్న మాట మళ్ళీ అండాలుకే పోయి తగులుతుందని అతనికి తెలుసు. కొన్నాళ్ళు ఇట్లాగే నడిచింది. పొద్దున పోవడం, చెప్పడం, నిండు కుండతో రావడం. సోమమ్మ గడప ఒక్కటి మాత్రం రోజూ దాటేసి పోయేవాడు. మొదట చూసింది ఆమె. ఆమెకు చెప్పడమే అన్నిటికన్నా కష్టం.

ఒక పొద్దున సోమమ్మే పిలిచింది, పెరుగు కోసం కాదు. "ఇగో బుచ్చయ్యా, దవాఖాన దిక్కు పోతే జర అడుగు, గజ్జిమందు వచ్చిందా లేదా అని. ఎన్నిసార్లు తిరిగినా ఒడిసింది, ఒడిసింది అంటున్నరు. ఎవడో లేకిముండాకొడుకు ఉన్నదంత పోయించుకపోయిండంట."

ఆమె వెనక గడపలో మనుమరాలు కూర్చుని ఉంది. నాలుగేళ్ళ పిల్ల. వేళ్ళ సందులన్నీ పుండ్లు. గోక్కోకుండా రెండు చేతులకూ గుడ్డలు చుట్టారు. గుడ్డలతోనే చేతులు ఒకదానికొకటి రాసుకుంటోంది, జమేదార్ గోడకు రాసుకున్నట్టే.

బుచ్చయ్య కుండ అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. దూలం మీద చేయి పెట్టి సీసా తీశాడు. మళ్ళీ పనికొస్తుందని దాచినది సగానికి సగం అట్లాగే ఉంది. తెచ్చి సోమమ్మ చేతిలో పెట్టి తల వంచుకున్నాడు.

"ఆ లేకిముండాకొడుకుని నేనే, సోమక్కా."

సోమమ్మ అర్థంకాక మూత తీసింది. వాసన గుప్పున కొట్టింది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, మళ్ళీ సీసా మీదికి వంగి, ఇంకోసారి పీల్చింది.

"ఓర్నీ," అంది మెల్లగా. "గిది నీ జమేదారు వాసన. మా గోడ కింద పండి నెలంత చంపింది గద నన్ను! అన్నం తిననియ్యలే." సీసా గడప మీద పెట్టింది. "అండాలు కాడ ఎన్నడు రాలే గీ వాసన. పొద్దుగూకులు పక్కపొంటి కూసున్న. ఎన్నడు రాలే."

తర్వాత సోమమ్మకు కోపం వచ్చింది. బుచ్చయ్య మీద వచ్చిన దానికన్నా తన మీద ఎక్కువ వచ్చింది. అది కూడా బుచ్చయ్య మీదే తీర్చుకుంది. వీధి చివరి దాకా వినబడేట్టు తిట్టింది. కుక్కకు పెట్టిన సర్కారు సొమ్ము, పెండ్లానికి పెట్టిన రోగం, పిల్లకు లేకుండా చేసిన మందు, ఒక్కొక్కటే పేరు పెట్టి తిట్టింది. చావడిలో బుచ్చయ్య ఒప్పుకుంటే నమ్మని ఊరు సోమమ్మ తిడితే నమ్మింది. మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసింది. సాయంత్రం బావి దగ్గర అండాలు బిందెకు చేద అందించి, "నువ్వు ముందు తోడుకో" అన్నారు. అండాలు అందరూ తోడుకునే దాకా పక్కన నిలబడి, చివర తోడుకుని వచ్చింది. ఆమె మళ్ళీ ఊళ్ళో కుండ ఎత్తలేదు. ఆ పని బుచ్చయ్యదే అయింది. పెరుగు మొత్తం అమ్ముడుపోయేది. కొనేవాళ్ళు కుక్క కథ చెప్పించుకుని కొనేవాళ్ళు. అతను ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేవాడు, ఒక్క ముక్క తగ్గించేవాడు కాదు.

దవాఖాన ఉన్న ఊరికి మళ్ళీ పోలేదు. జ్వరమొచ్చి పడుకున్నా మిరియాల కషాయం తాగి ఊరుకునేవాడు. ఆ డాక్టరు, ఎవలకు చెప్పకు, ఫికర్ జెయ్యకు, అని భుజం తట్టిన చోటు అతనికి ఇంకా తెలుస్తూ ఉండేది.

మరుసటి వానకాలం జమేదార్ చెవుల అంచున మళ్ళీ దురద మొదలైంది. అండాలు ఏమీ అనకుండా కొంగు ముడి విప్పి డబ్బులు అతని ముందు పెట్టింది. బుచ్చయ్య సూర్యాపేట బస్సెక్కాడు.

మందుల దుకాణంవాడు సీసా కాగితంలో చుడుతూ, "ఎవలకు?" అన్నాడు.

"కుక్కకు" అన్నాడు బుచ్చయ్య. దుకాణంలో ఉన్న నలుగురికీ వినబడేట్టు అన్నాడు.

దుకాణంవాడు చుట్టడం ఆపి, మనిషి మంచివాడేమో, ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "కుక్కకు గింత పైస పెడుతవా పెద్దమనిషీ? దవాఖానల గిదే మందు ఊకెనే ఇస్తరు గద. ఇంటామె పేరు చెప్తె అయిపాయె."

బుచ్చయ్య చెవులు వేడెక్కాయి. డబ్బులు బల్ల మీద పెట్టి, మొత్తం పెట్టి, సీసా అందుకున్నాడు.

"చెప్పిన" అన్నాడు. "ఒకసారి చెప్పిన."